శివలీల సాలు

వేంపల్లె దగ్గర, కడప జిల్లా
14 జూన్ 2024

అక్కకు,

నీ తమ్ముడు ఈరేష్ రాస్తున్నాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఎంత బాగున్నామంటే, నేను రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగుతున్నాను. పోయిన ఏడాది ఇదే నెలలో ఒక్క చెంబు నీళ్లను పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్కలు లెక్కపెట్టుకుంటూ తాగేవాణ్ణి. ఇప్పుడు నీ మరదలు శివజ్యోతి బిందె తెచ్చి పక్కన పెడుతుంది. నేను దానికేసి చూస్తూ కూర్చుంటాను. నీళ్లను అట్లా చూస్తూ కూర్చోవడంలో ఎంత సుఖముందో నాకు ఇంతకుముందు తెలీదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావు. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే నువ్వు పెట్టేస్తావు. జనవరిలో కర్నూలు ఆసుపత్రిలో నీ కిడ్నీ తీసి నాకు పెట్టినప్పటి నుంచి మనం ఒక్కసారి కూడా సరిగ్గా రెండు నిమిషాలు మాట్లాడుకోలేదు. పైగా నేను ఈ పల్లెలో పోస్టాఫీసు నడుపుతున్నవాణ్ణి. నా సంచిలో బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు తప్ప ఒక మనిషి ఇంకో మనిషికి రాసిన కాగితం వచ్చి ఎన్నేళ్లయిందో. నువ్వు ఏడో తరగతి దాకా చదివావు. నీ చేతిరాత నాకంటే గుండ్రంగా ఉంటుంది. రాయి.

డాక్టరు నీ కిడ్నీని వెనకవైపు కాకుండా ముందు, కుడి పక్క కింద పెట్టాడు కదా. చెయ్యి వేస్తే కొంచెం ఎత్తుగా తగులుతుంది. దానికి నేను చిన్నక్క అని పేరు పెట్టుకున్నాను. "చిన్నక్కకు దప్పికైతాండాది" అంటే చాలు, నీ మేనకోడలు సాహితి పరుగెత్తి నీళ్లు తెస్తుంది.

ఒక సంగతి చెప్పాలి. మధ్యాహ్నం పోస్టాఫీసులో పని అయ్యాక బల్ల మీద తల పెట్టి కునుకు తీస్తాను. అప్పుడు ఒకటే కల వస్తోంది. నల్లరేగడి చేను. పత్తి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. నేను వంగి కలుపు తీస్తూ ఒక సాలు వెంట పోతుంటాను. ఎంత పోయినా ఆ సాలు అయిపోదు. ముందర ఎవరో ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. మాటలు అర్థం కావు, గాలి మాత్రం చెంపలకు తగులుతుంది. నేను పుట్టి బుద్ధెరిగినాక ఎప్పుడూ కలుపు తీయలేదు. నన్ను బడికి పంపి నువ్వే పోయేదానివి. మెలకువ వచ్చాక చిన్నక్క దగ్గర సన్నగా లాగుతుంది.

మే నెలలో మొక్కు తీర్చుకోవడానికి ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి వచ్చినప్పుడు కూడా ఒకటే కోరుకున్నాను, నువ్వు చల్లగా కూర్చోవాలని. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ఈరేష్


చింతలదొడ్డి, కోసిగి మండలం
25 జూన్ 2024

ఈరా,

నీ ఉత్తరం చేరింది. పోస్టు మనిషి నా పేరు గట్టిగా చదివేసరికి వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది. ఎవరో చచ్చిపోయారనుకున్నారు. మా తమ్ముడు నీళ్లు తాగుతున్నాడని రాశాడంటే అందరూ నవ్వారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

నీ బావ తిమ్మయ్య బాగున్నాడు. ఎనుము ఈనింది, పెయ్య దూడ.

ఊరు నన్ను ఏం చేస్తోందో వింటే నవ్వుతావు. కోసిగి పోదామని ఆటో ఎక్కితే బొజ్జన్న సీట్లో ఉన్నవాళ్లను దించి నన్ను కూర్చోబెడతాడు. "మా ఊరి అక్కప్పా, తమ్మునికి పాణం ఇచ్చినామె" అని ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెబుతాడు. దిగినవాళ్లు ఎండలో నిలబడి నాకే దండం పెడతారు. ఓబుళేశు హోటల్ నుంచి టీ పంపిస్తారు, వద్దంటే రెండు పంపిస్తారు. చంటిపిల్లల్ని తల్లులు తెచ్చి నా ఒళ్లో పెడతారు. పెట్టిన ప్రతి పిల్లా ఏడుస్తుంది.

బడి తెరిచిన మరుసటి రోజు హెడ్మాస్టరు పిలిపించి, కుర్చీ వేసి, శాలువా కప్పాడు. ఆ ఎండలో శాలువా కింద నేను ఉడికిపోయాను. పిల్లలు నూట ఇరవై మంది వరసగా వచ్చి కాళ్లు మొక్కారు. చివర్లో ఒక చిన్న పాప మొక్కి, తలెత్తి, "అవ్వా, ఆ తీసిన కాడ ఇప్పుడు ఏముండాది?" అని అడిగింది. ఏమీ లేదమ్మా, గాలి అన్నాను. ఇంటికొచ్చాక కూడా అదే తలచుకున్నాను. నిజంగానే అప్పుడప్పుడు నడుస్తుంటే ఎడమ పక్క తేలిగ్గా ఉంటుంది. గాలి ఎక్కువైతే నన్ను కూడా తీసుకుపోతుందేమో అనిపిస్తుంది. ఆషాఢం గాలి ఇంకా మొదలవలేదు.

ఒక్క మాట చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. నా జన్మలో నేను ఇన్నిసార్లు కుర్చీలో కూర్చోలేదు. నడుం పట్టేస్తోంది.

రెండు వానలు పడ్డాయి. పత్తి గింజలు పెట్టారు. ఇంకో పదిహేను రోజుల్లో కలుపు పని మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా నేను గురమ్మ గుంపులో ఉన్నాను కదా. పొద్దు పొడవకముందే గురమ్మ వీధి వెంట వచ్చి ఒక్కో తలుపు దగ్గర పేరు పెట్టి పిలుస్తుంది. పిలిస్తేనే ఆ రోజు పని. పిలవకుండా పోయి చేను గట్టున నిలబడే అలవాటు మాలో ఎవరికీ లేదు, అది అడుక్కోవడం కింద లెక్క. నా కొడవలికి కొత్త పిడి వేయించాను. మూడు నెలలు దాటితే ఏ పనైనా చేసుకోవచ్చు, ఎండలో నీళ్లు మాత్రం బాగా తాగాలని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి అయిదు నెలలైంది.

చిన్నక్కను అడిగానని చెప్పు. పేరు బాగుంది.

నీ అక్క
శివలీల


వేంపల్లె దగ్గర
4 జూలై 2024

అక్కకు,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి శివజ్యోతి లాక్కొని చదివి, "మీ యక్కను ఊరంతా నెత్తిన పెట్టుకుంటే నువ్వేం మొగమాడ్చుకుంటావు" అంది. మొగం మాడ్చుకున్నది కొడవలి పిడి దగ్గర.

అక్కా, కలుపుకు పోవద్దు. నీకు కూర్చొని తినే హక్కుంది. ఇక్కడ మా అత్తగారి ఊళ్లో ఎవరు ఎదురైనా ఒకటే మాట, "అక్కకు ఏం పెట్టినావప్పా?" చీర పెట్టానని చెప్పడానికి సిగ్గేస్తుంది. చీర పెళ్లికీ పెడతాం, చావుకీ పెడతాం. పింఛను కోసం వచ్చే గిడ్డయ్య తాత ఉన్నాడు. "ఇట్లాంటిదానికి మన పెద్దోల్లు ఏ మర్యాదా కట్టిపోలేదప్పా, వాళ్ల కాలంలో ఇది లేదు గదా" అన్నాడు. ఆ ముసలాయన మాట నా తలలో తిరుగుతూనే ఉంది. పిల్లకు పేరు పెట్టడానికి, ఇల్లు చేరడానికి, పోయినవాళ్లకు కూడా ఏం చేయాలో మనకు తెలుసు. దీనికి మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చేయాల్సిందే.

నాకు తోచింది ఒకటి చేశాను. ఆదోని నుంచి ఆటోలో వస్తుంది, దింపించుకో. వెనక్కి వాలి పడుకునే కుర్చీ, కాళ్లు చాపుకోవడానికి పలక కూడా ఉంటుంది. దాన్ని పంచలో వేసుకొని గాలికి కూర్చో.

మధ్యాహ్నం కల మానలేదు. నిన్నటి కలలో చేను ఇంకా పొడుగైంది. అవతలి కొసన ఆకాశం పత్తి మీదికి దిగి ఉంది. నేను వంగే ఉన్నాను. లేచాక చాలాసేపు చిన్నక్క మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాను. అది అలసిపోయిందక్కా. అన్నేళ్లు నీతో ఎండలో తిరిగి అలసిపోయింది, ఆ సంగతి ఇప్పుడు నాకు చెప్పుకుంటోంది. నీలో ఉన్న రెండోది ఎంత అలసిపోయి ఉంటుందో ఆలోచించు.

ఉంటాను. పోస్టు బండి వచ్చే వేళైంది.

ఈరేష్


చింతలదొడ్డి
20 జూలై 2024

ఈరా,

కుర్చీ వచ్చింది. నీ బావ దాంట్లో కూర్చొని నిద్రపోయాడు. బాగానే ఉందట.

నేను ఉత్తరం ఆలస్యం చేశాను. రాయాలంటే చెయ్యి ఆడలేదు. గురమ్మ నన్ను పిలవడం లేదు.

కలుపు మొదలై తొమ్మిది రోజులైంది. మొదటి రోజు నేను తెల్లారకముందే లేచి, రొట్టెలు కాల్చి, ఉల్లికారం మూట కట్టుకొని తలుపు వెనక నిలబడ్డాను. గురమ్మ అడుగులు నాకు తెలుసు, కుడికాలు కొంచెం ఈడుస్తుంది. పక్కింటి దగ్గర ఆగింది, పిలిచింది. తర్వాత అడుగులు మా తలుపు ముందుకు వచ్చాయి. కొంచెం ఆగాయి. మళ్లీ పోయాయి. అవతలి ఇంటి దగ్గర పిలుపు వినిపించింది. నేను ఆ మూట పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇంకా కల్లోనే ఉన్నానేమో, లేచి తలుపు తీస్తే పిలుస్తుందేమో అనుకున్నాను. తీశాను. వీధిలో ఎవరూ లేరు.

తొమ్మిది రోజులూ అంతే. ప్రతి రోజూ ఆ అడుగులు మా తలుపు ముందు ఆగుతాయి.

నిన్న సిగ్గు విడిచి చేనికి పోయాను. నన్ను చూడగానే పద్నాలుగు మందీ కొడవళ్లు కింద పెట్టి లేచి నిలబడ్డారు. జెస్సీ తన తువ్వాల గట్టు మీద పరిచి, "కూర్చో పెద్దమ్మా" అంది. ఒకామె నీళ్లిచ్చింది. ఒకామె నా కాళ్లకు అంటిన మట్టి కొంగుతో తుడిచింది. నాకొక సాలు ఇవ్వండే అంటే ఎవరూ నా కళ్లలోకి చూడలేదు. గురమ్మ పక్కకు తిరిగి దగ్గింది. నేను గట్టు మీద కూర్చొని వాళ్ల వీపులు చూస్తూ ఉండిపోయాను. ఎండలో ఆ వీపులన్నీ నీళ్ల మీద తేలుతున్నట్టు కదిలాయి. నేను ఒడ్డున ఉన్నాను.

ఎందుకో నాకు అర్థమైంది. ఓబుళేశు హోటల్ దగ్గర ఎవరో పొరుగూరి మనిషి, "ఎన్ని దుడ్లు ఇచ్చినారంట?" అని అడుగుతుంటే విన్నాను. నేను అమ్ముకున్నానని గుంపులో కూడా అనుకుంటున్నట్టుంది. డబ్బున్నామెకు పనెందుకు అని. ముందర దండం పెట్టి వెనక ఇట్లా అనుకుంటే నేను ఎవరికని చెప్పుకోవాలి?

గురమ్మ నీ మాట వింటుంది, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకొని తిరిగింది. ఫోన్ చేసి చెప్పు. నువ్వు నాకు పైసా ఇవ్వలేదని చెప్పు. చెబుతావు కదా.

నీ అక్క
శివలీల


వేంపల్లె దగ్గర
30 జూలై 2024

అక్కకు,

నీ మీద ఎవరూ అట్లా అనుకోరు. గురమ్మక్క అసలే అనుకోదు. ఆ మాట నీ మనసులోంచి తీసెయ్. మర్యాదకొద్దీ పిలవడం లేదేమో, అంతే. నేను మాట్లాడతాలే.

ఈ కవరు మీద స్టాంపు చూశావా? అది నువ్వే. మన ఫోటో ఇస్తే పోస్టల్ వాళ్లు స్టాంపులు వేసిస్తారు. కడప హెడ్డాఫీసుకు పోయి చేయించుకొచ్చాను, పన్నెండు. ఆసుపత్రిలో చేరే ముందు కర్నూల్లో తీయించిన ఫోటో అది. ఆ పచ్చ చీరలో నువ్వు నవ్వకుండా నవ్వుతూ ఉన్నావు.

కానీ ఒక తప్పు చేశాను. ఉత్తరం పోవాలంటే స్టాంపు మీద తేదీ ముద్ర కొట్టాలి. పదిహేడేళ్లుగా కొడుతున్నాను, కళ్లు మూసుకొని కూడా కొట్టగలను. నీ ముఖం మీద కొట్టడానికి చెయ్యి లేవలేదు. ముద్ర పట్టుకొని గాలిలో ఆపాను, మళ్లీ కింద పెట్టాను. గిడ్డయ్య తాత చూసి, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా" అన్నాడు. చివరికి కొట్టకుండానే సంచిలో వేశాను. పైవాళ్లు ఎవరైనా చూస్తే మెమో ఇస్తారు.

కుర్చీలో నువ్వు కూర్చోకుండా బావను కూర్చోబెడితే ఎట్లా?

ఈరేష్


చింతలదొడ్డి
10 ఆగస్టు 2024

ఈరేష్,

నిన్న మధ్యాహ్నం గురమ్మ మా దొడ్లోకి వచ్చింది. నేను గడప మీద కూర్చొని జొన్నలు చెరుగుతున్నాను. నన్ను పలకరించలేదు. నేరుగా ఎనుము దగ్గరికి పోయి, దాని మెడ గోకుతూ మొదలుపెట్టింది. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"చూడే, నీకు చెప్తాండా. శివలీలకు చెప్పనని ఒట్టు ఏసినా. ఎనుముకు చెప్పగూడదని ఎవురూ అనలా. మే నెలలో ఈరేషు మమ్ములనందర్నీ ట్రాక్టర్లో ఉరుకుందకు పిల్సుకపాయ. ఈరన్న ముందర కర్పూరం ముట్టిచ్చి, నా చెయ్యి పట్టుకొని, మా యక్కను ఇంగ పనికి పిలవద్దండి, ఆమె సాలు పడితే నా పాణం పోయినట్టే, ఈ మాట ఆమెకు తెలియగూడదు అని ఒట్టు పెట్టిచ్చుకునె. ఏడుస్తా అడిగితే యాడ కాదంటాము? అందరమూ ఏసినాము. ఇప్పుడు పొద్దున్నే ఆ తలుపు దాటాలంటే నాకు కాళ్లాడవు. పిలిస్తే ఆ పిల్లోని పాణం మీదికొస్తాది. పిలవకుంటే ఈ యమ్మ మొగం చూడలేకుండాను. నువ్వైనా చెప్పు, ఏం చేయాల?"

ఎనుము తల ఊపింది. గురమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని, నావైపు చూడకుండానే వెళ్లిపోయింది.

నేను చాట పక్కన పెట్టాను. వాళ్లు నన్ను తప్పుగా అనుకుంటున్నారని ఇన్ని రోజులూ వాళ్ల మీద కోపం పెట్టుకున్నాను. వాళ్లు నీ ప్రాణం కాపాడుతూ ఉన్నారు. నిన్నేమో గురమ్మతో మాట్లాడమని నేను బతిమాలాను. నువ్వు మాట్లాడతాలే అని రాశావు.

నేను నీకు ఒకటి ఇచ్చాను. రెండోది నువ్వు అడక్కుండా తీసుకున్నావు. తెల్లారకముందు నా పేరు పిలిచే ఒక గొంతు ఉండేది. ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చొని నవ్వుకునేవాళ్లం. మధ్యాహ్నం ఒకరి మూటలోంచి ఒకరం చెప్పకుండా తినేవాళ్లం. నా సాలు వెనకబడితే పక్క సాలు పిల్ల తిట్టేది. అది నా బతుకు. కిడ్నీ కావలసి వచ్చినప్పుడు నువ్వు నోరు తెరిచి అడగలేక గోడ వైపు తిరిగి ఏడిస్తే నేనే ఇస్తానన్నాను. ఇది కూడా అట్లా గోడ వైపు తిరిగి అడిగినా బాగుండేది.

స్టాంపు మీద ముద్ర లేదు. మా పోస్టు మనిషి అటూ ఇటూ తిప్పి, ఇది యాడికీ పోని ఉత్తరం లెక్క అన్నాడు.

శివలీల


వేంపల్లె దగ్గర
15 ఆగస్టు 2024

అక్కా,

ఈ రోజు సెలవు. జెండా ఎగరేసి వచ్చి రాస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గురమ్మక్క ఎనుముకు చెప్పింది అంతా నిజం. నిన్ను ఏం అడిగినా తప్పే అవుతుంది. అయినా ఎందుకు చేశానో చెబుతాను.

నాకు నీ మీద భయం అక్కా. కృతజ్ఞత అని శుభలేఖల మీద అచ్చువేసే మాట ఉంది, అది ఎట్లా ఉంటుందో నాకు తెలీదు. నాకు ఉన్నది భయం ఒక్కటే. నువ్వు ఎండలో వంగిన ప్రతిసారీ నీలో మిగిలిన ఆ ఒక్కదానికి ఏమైనా అయితే, నేను నీది ఒంట్లో పెట్టుకొని ఎట్లా బతకాలి? అన్నం తినేటప్పుడు కూడా అదే. సాహితి నవ్వినప్పుడు కూడా అదే. ఆ రోజు ఈరన్న ముందు కర్పూరం వెలుగుతుంటే, నువ్వు దూరంగా కొబ్బరికాయలు పట్టుకొని నిలబడి ఉన్నావు. చాలా చిన్నగా కనిపించావు. అప్పుడు నా నోటికి ఏ మాట వచ్చిందో ఆ మాటతో ఒట్టు వేయించుకున్నాను. నీకు మేలు చేశాననుకున్నాను. అందరూ ఏం పెట్టావని అడుగుతుంటే, మనసులో, మా అక్కకు విశ్రాంతి పెట్టాను అని చెప్పుకునేవాణ్ణి.

ఒట్టు తీసేయమని నువ్వు అడగకముందే తీసేద్దామని అనుకున్నాను. కానీ పోయిన వారం కిడ్నీకి రక్తపరీక్ష చేయిస్తే, పెరగకూడని క్రియాటినిన్ కొంచెం పెరిగింది. ఒకటీ పాయింటు రెండు ఉండేది ఒకటీ పాయింటు నాలుగు అయింది. డాక్టరు ఏమీ పర్వాలేదు, నీళ్లు తగ్గాయి, నెలాఖరుకు మళ్లీ చూద్దాం అన్నాడు. నాకు మాత్రం ఆ అంకె కళ్ల ముందు నుంచి పోవడం లేదు. నా ప్రాణం మీదే కదా ఒట్టు పెట్టింది. నేను పోయి ఈరన్న ముందు ఆ మాట వెనక్కి తీసుకున్న రోజే ఇది ఇంకా పెరిగితే? చదువుకున్నవాడివి ఇట్లా మాట్లాడతావేంటని అంటావు. అను.

ఈ ఏడాదికి ఓర్చుకో అక్కా. వచ్చే శ్రావణానికి నేనే వచ్చి తీసేస్తాను. నాకు ఇప్పుడు ధైర్యం లేదు.

ఈరేష్


చింతలదొడ్డి
20 ఆగస్టు 2024

ఈరా,

నీ ఉత్తరం చదివి కోపం పోయింది. పూర్తిగా పోలేదు, కొంచెం ఉంచుకున్నాను.

భయం నాకూ ఉంది. ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతాను. ఆసుపత్రిలో మత్తు ఇచ్చాక నేను ఒక చేనులో ఉన్నాను. ఎవరి చేనో తెలీదు. పొద్దు ఏ వైపు ఉందో కూడా తెలీదు, అంతా తెల్లగా ఉంది, పత్తి పగిలిన రోజుల్లో ఉన్నట్టు. ముందరా వెనకా ఎవరూ లేరు. అప్పుడు నాకు నువ్వు గుర్తు రాలేదు, నీ బావ గుర్తు రాలేదు. మా గుంపు యాడికి పోయింది అని ఒకటే దిగులు. నన్ను విడిచిపెట్టి పోయారే అని పిలుస్తూ తిరిగాను. మెలకువ వచ్చాక, తమ్మునికి ఎట్లా ఉందని అడిగాను. ఎంత మంచి అక్క అని నర్సులు మెచ్చుకున్నారు. దానికి ముందు కలలో నేను అడిగింది ఎవరికీ తెలీదు.

ఇప్పుడు మెలకువగా ఉన్నా అదే చేనులో ఉన్నాను.

నీ కల గురించి రాశావు కదా, చిన్నక్క అలసిపోయిందని. అది నలభై ఆరేళ్లు నాలో ఉంది, నీలో ఏడు నెలలుగా ఉంది. దాని సంగతి నీకంటే నాకు తెలుసు. ముందర మాట్లాడుకుంటూ పోయే ఆ ఆడవాళ్లు మా గుంపే. అది అలసిపోలేదు. దానికి చేను గుర్తొస్తోంది. సాలు అయిపోదని నువ్వు భయపడుతున్నావు, అయిపోవడం దానికి ఇష్టం లేదేమో. నీ దగ్గర అది బాగానే పని చేస్తుంది, పని చేయడం దానికి కొత్త కాదు. కునుకు తీసేటప్పుడు మాత్రం ఇటు వచ్చి పోతుంది. పోనీ.

ఇది నిజమో కాదో నాకు తెలీదు. నీది నిజమో కాదో నీకూ తెలీదు. రెంట్లో ఒకటి నమ్మాలి.

నువ్వు వచ్చి ఒట్టు తీయకపోతే నేను పనికి పోను. నీ ప్రాణం మీద ఒట్టు ఉండగా గడప దాటేంత ధైర్యం నాకు లేదు, గురమ్మకూ లేదు. నీ కుర్చీలో కూర్చుంటాను. ఊరు దండం పెడుతూనే ఉంటుంది. కానీ ఇది నాకు చేసిన మేలని మాత్రం ఇంకెప్పుడూ రాయొద్దు.

వచ్చే సోమవారం శ్రావణంలో నాలుగో సోమవారం. గురమ్మ వాళ్లంతా ఉరుకుందకు పోతారు. నేను కూడా పోతాను. జనం తక్కువ ఉండే వేళకు రా, మూతికి గుడ్డ కట్టుకో. రాలేకపోతే వద్దు. నేను నీ అక్కనే, అది మారదు.

శివలీల


చింతలదొడ్డి
2 సెప్టెంబరు 2024

ఈరా,

నువ్వు బస్సెక్కి పోయాక అయిదు రోజులు ఎడతెగని వాన, పని లేదు. నిన్న తెరిపి ఇచ్చింది. ఈ రోజు పొద్దున్నే గురమ్మ వచ్చింది. అడుగులు మా తలుపు ముందు ఆగాయి. "యే శివలీలా, లేసినావా, ఇంగా పండుకోనుండావా" అంది.  ఇంకోసారి పిలవనీ అని ఆగాను. పిలిచింది.

ఏడు నెలల తర్వాత కదా, చెయ్యి ఆడలేదు. వాన పడి కలుపు మోకాళ్లదాకా ఉంది. పది అడుగులు పోకముందే వెనకబడ్డాను. గడ్డి అనుకొని పత్తి మొక్కనే పీకేశాను, ఒకటి కాదు, మూడు. గురమ్మ చూసింది. "ఏమమ్మో, కండ్లు యాడ పెట్టుకోనుండావు? ఆసామికి ఎవురు జవాబు చెప్పల్ల?" అని చేను చేనంతా వినపడేట్టు తిట్టింది. జెస్సీ నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది. అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఏడుస్తున్నానని వాళ్లకు తెలిస్తే మళ్లీ తువ్వాల పరుస్తారేమోనని భయమేసింది. ఎవరూ చూడలేదు. నీళ్లు మాత్రం రెండు సీసాలు తాగాను, డాక్టరమ్మ చెప్పినట్టే.

మధ్యాహ్నం నా సాలు అయ్యేసరికి వాళ్లు తినడం సగం అయిపోయింది. నా మూట విప్పి రొట్టెలు కూడా తినేశారు, ఒకటి మిగిల్చారు. పొద్దు గూకేదాకా ఎవరూ నాకు దండం పెట్టలేదు.

ఆ సోమవారం నిన్ను చూశాను. ఒక చేత్తో కర్పూరం పట్టుకున్నావు. మాట వెనక్కి తీసుకునేటప్పుడు నీ ఇంకో చెయ్యి కడుపు మీదే ఉంది. నీకు ఎంత భయంగా ఉందో గుంపులో అందరికీ తెలిసింది. అయినా అన్నావు. గురమ్మ ఆ దినమంతా ఏమీ తినలేదు. నెలాఖరు పరీక్ష ఏం చెప్పిందో నువ్వు ఇంకా రాయలేదు, ఏం చెప్పినా దాచకుండా రాయి.

అందరూ నాకు దండం పెడతారు గానీ, ఈరా, నేను నీకు ఇచ్చింది మత్తులో ఇచ్చాను. తీసేటప్పుడు నాకు తెలివి లేదు. నువ్వు నాకు ఇచ్చింది నిలబడి, కళ్లు తెరిచి, భయపడుతూ ఇచ్చావు. ఇది రాద్దామని చేనులో అనుకున్నాను. పక్క సాలు పిల్ల పరధ్యానమేంటని అప్పుడు కూడా తిట్టింది.

తెల్లారితే మళ్లీ పని ఉంది. పడుకుంటాను.

నీ అక్క
శివలీల